నీలకంఠం రాసిచ్చిన చీటీ

హలో… నీలకంఠం బాబేనా? నేను, నూకమ్మని… భుయ్యాడీహ్ బస్తీ తవిటయ్య పెళ్లాన్ని…

బడిలోంచి. కలరా సూదులేత్తన్నారు కదా, ఆఫీసు గదిలో ఫోనుంది. డాక్టరమ్మే మీ మందుల దుకాణం నెంబరు తిప్పి ఇచ్చింది…

ఆ, ఏయించుకున్నాను. ఇప్పుడే. రెక్క లాగతంది…

లేదు, పాలు మానిపించను. సూదేయించుకుని ఆ బల్ల మీదే కూకుని పిల్లకి పాలిచ్చినాను. నాలుగు నెల్ల పిల్ల…

పాలు ఇసమైపోతాయా? అదే అడిగినాను డాక్టరమ్మని. రెండేళ్లకితం మీరు సెప్పిన మాట ఉన్నదున్నట్టు అడిగినాను. ‘ఎవడు సెప్పినాడే నీకు?’ అన్నాది. ఆ మందు పాలల్లోకి దిగదంట. ఒక పూట జొరమొత్తాదంట, అంతే…

గుర్తు లేదా? అప్పుడు నా సంకలో అప్పన్న. మూడు నెల్లోడు. సూదేయించుకుని వచ్చి, పిల్లోడికి పాలియ్యొచ్చా అని మిమ్మల్నే అడిగినాను. ‘ఆర్నెల్లు రొమ్ము ముట్టించకు, ఈ డబ్బా పాలు పట్టు’ — ఈ మాట మీది కాదేటి?… ఊఁ…

నా పాలు ఎండిపోనాయి. ఆ డబ్బా పాలు నది నీళ్లల్లోనే కలిపినాను. మా బస్తీలో కుళాయెక్కడిది? బేదులట్టుకుని, నాలుగు రోజుల్లో, నా గుంటడు…

నువ్వు మాటాడకు. ఇను.

…ఆ, నువ్వే అన్నాను. బాబూ అనడం అయిపోనాది.

చీటీ రాసిచ్చినావు — ‘పాలు నిలిపివేయవలెను’ అని. కింద నీ సంతకం, దుకాణం ముద్ర. తవిటయ్య పారీమన్నాడు. నేను పారీలేదు…

ఎక్కడుందా? డాక్టరమ్మ సేతిలో ఉంది. వరసలో ఉన్న ఆడోళ్లందరికీ సదివి ఇనిపించింది. సంకన పిల్లల్తో పదకొండు మంది. అందులో ఆరుగురికి నిన్ననే అదే మాట సెప్పినావంట. ఇద్దరు సూదొద్దని ఎనక్కి తిరిగి పోతంటే నేనే రెక్కట్టుకుని ఆపినాను…

ఏడుత్తన్నావా? నేనేడిసినప్పుడు ‘తలరాత’ అన్నావు.

…పిల్లలున్నారని తెలుసు. ఆళ్ల జోలికి ఎవులూ రారు. నీ మీదా సెయ్యెయ్యం. నీ దుకాణం మెట్టు మీద నిలబడి, ఆ చీటీ నువ్వే గట్టిగా సదవాల. సదివి, అప్పన్న ఎవుడో, ఎలగ పోనాడో నువ్వే సెప్పాల. బస్తీ అంతా ఇనాల…

రేపా?… రేపు కాదు. సూదులైపోనాయి. అందరూ బడి గుమ్మం కాడే నిలబడున్నారు. డాక్టరమ్మ కూడా వత్తాదంట.

దుకాణం బంద్ సేసీకు…

హలో?… హలో?

…పెట్టీసినాడే. నడవండి. దుకాణం ఎనక తలుపు కాడికి ఇద్దరెల్లండి.