లాంతరు వెనక నిలబడ్డోడు

పాలమూరు, 1946. కాలేజీ ఆఫీసు గది. టేబులు వెనక కుర్చీలో హెడ్ మున్షీ నరహరిరావు. టేబులుకు ఇవతల చప్రాసి బాలస్వామి.

"గక్కడ్నే ఆగు. ఇంక ముందటికి రాకు."

"ఆగిన దొరా."

"టేబులుకు గా దిక్కే ఉండు. ఇటు తిరిగొస్తివా, నేను మళ్ల తానం చెయ్యాలె. ఏదీ, ఎడమచెయ్యి బొటనేలు చూపియ్యి."

"బొటనేలెందుకు దొరా?"

"ముద్ర ఎయ్యాలె. కాయిదం తయారుగున్నది. వేలు ఒత్తితివంటే అయిపాయె. పోయి నీ పని నువ్వు చేస్కో."

"ఏం కాయిదం?"

"మాఫీనామా రా బాలిగా. నీ నౌకరి నిలవెట్టెటందుకు పొద్దుగాల సంది కూసోని రాసిన."

"నేనేం తప్పు చేసిన్నని మాఫీ అడగాలె?"

"గుడ్డ మీద బొమ్మలు చూపే లాంతరుది గాజుపలక పగలగొట్టలేదా?"

"పగిలింది. నేను పగలగొట్టలే. కాగిన పలక మీద సల్లనీళ్లు పడ్డయి, చిట్లింది."

"ఎట్లనో గట్ల. నీ చేతులనే పగిలె కద. చదువుతున్న, ఇను. 'నేను బాలస్వామిని, కాలేజీ చప్రాసిని. లాంతరు పలక నా చేతుల పగిలింది. తప్పు నాదే. మాఫ్ చెయ్యుండ్రి. ఇగ ముందట జాగ్రత్తగుంట.' గంతే."

"గంతేనా?"

"గంతే."

"గంత చిన్న ముచ్చటకు కాయిదం కిందిదాంక నిండిందేంది దొరా?"

"సర్కారీ ఉర్దూల గట్లనే ఉంటది. ముందుగాల హుజూర్లకు సలాములు రాయాలె, వాళ్ల కొలువులు, ఓహ్‌దాలు రాయాలె... నీకేం ఎర్క."

"నాకేం ఎర్క."

"మరి? వేలు ముందటికి వెట్టు."

"మా సారు పేరున్నదా అండ్ల?"

"ఏ సారు?"

"ఏ సారేంది దొరా! సిద్దిరాములు సారు. సైన్సు సారు. మూడు దినాల సంది క్లాసుకు రావద్దని ఇంట్ల కూసవెట్టిన్రు కద, గా సారు."

"ఆయన పేరెందుకుంటది? పలక పగిలింది నీ చేతుల, మాఫీ నీది. మధ్యల ఆయనెందుకు?"

"లేదా?"

"లేదన్న కదరా!"

"సరే. లేదు."

"జల్ది కానియ్యి. పగటికి కమిటీ కూసుంటది. గీ కాయిదం వాళ్ల ముందట పెట్టాలె."

"మాఫీనామా కోసం కమిటీ కూసుంటదా? చప్రాసోని చేతుల పలక పగిలిందని, దొరలు కచ్చరం బండ్లు కట్టుకోని కొత్తకోట సంది వస్తున్నరా?"

"నువ్వు మాటలు బాగ నేర్చినవురా. లాంతరు పక్కన నిలవడ్డ సంది నీకు నోరు లేస్తాంది. ఇంతకుముందు మాట మాటకు 'నీ బాంచెన్' అంటుంటివి. ఇప్పుడనవేంది?"

"మరిచిన దొరా."

"మరిచినవా?"

"చీకట్ల పని చేస్త కద. చీకట్ల ఎవరు ముందో ఎవరు ఎనకనో కండ్లవడదు. ఆడ అననీకె అక్కెర వడలే. నాలిక అలవాటు తప్పింది."

"గిదే! గిందుకే నేను మొత్తుకున్న. గా లాంతరు అల్మారిల ఉన్నన్ని దినాలు కాలేజీ సల్లగున్నది. నాలుగేండ్లు తాళం కింద ఉండె. మీ సారొచ్చి తీపిచ్చిండు."

"తీస్తే తెల్సింది, అండ్ల ఎలుకలు పిల్లలు పెట్టినయని."

"ఎలుకలే నయం. అవి తలుపులు మూసి, తెల్లగుడ్డ కట్టి, బొమ్మలాట ఆడియ్యలే. కాలేజీ అంటే ఏంది? సారు చెప్పాలె, పిల్లలు రాస్కోవాలె."

"రాస్కున్నరు దొరా. నారికురుపు ఎట్లొస్తదని అడిగితే గడగడ అప్పజెప్తుండె. నేను బయట గంట కాడ నిలవడి ఇంటుంటి. నీళ్లల్ల పురుగుంటది, తాగితే కడుపులకు పోతది, ఏడాదికి కాలు చీల్చుకోని దారం లెక్క బయటికొస్తది. అంత సక్కగ చెప్పి, గంట కొట్టంగనే పోయి అవే నీళ్లు తాగుతుండె. వడపోసుకున్నోడు ఒక్కడు లేడు."

"మరి నీ లాంతరొచ్చి నేర్పిందా?"

"నేర్పింది. రెండు పలకల మధ్యల నీళ్ల సుక్క పెట్టి ఎనక దీపం పెడ్తే, గుడ్డ మీద పురుగులు గొర్రెపిల్లలంత అయినయి. ఎగురుతున్నయి. పిల్లలు బెంచీలెక్కిన్రు. మళ్ల సారు వాళ్లమ్మ నేసిన పంచె నాలుగు మడతలు వెట్టి అవే నీళ్లు వడపోసి చూపిచ్చిండు. ఒక్క పురుగు లేదు. గా దినం సంది హాస్టల్ల కుండ మీద గుడ్డ లేకుంట నీళ్లు ముంచలే ఎవ్వరు."

"అబ్బో. నువ్వే ప్రొఫెసర్ లెక్క చెప్తున్నవు. మొదటి దినం ఏం చేసినవో యాదికున్నదా? కమిటీ దొర ఫోటోను తలకిందులు వేలాడదీస్తివి!"

"తలకిందులు పెట్టలే దొరా. నిలువుగ పెట్టిన. గదే తప్పైంది."

"ఏం పిచ్చి మాట గది?"

"సారు ఫోటో పలకను లాంతర్ల తలకిందులు పెట్టుమన్నడు. నాకు చేతులాడలే. అంత పెద్ద దొరను, లాంతరు కొనిచ్చిన దొరను, కాళ్లు మీదికి పెట్టుడేందని భయపడి, రెండు చేతుల పట్టి మొక్కి, సక్కగ నిలవెట్టిన. గుడ్డ మీద చూస్తే దొర తలపాగ కింద, చెప్పులు మీద. పిల్లలు పడి పడి నవ్విన్రు."

"ఇప్పుడు నువ్వు నవ్వుతున్నవు."

"లేదు దొరా. లాంతరు సంగతే గంత. నా దిక్కు తలకిందులుంటేనే గుడ్డ మీద నిలువుగ వడ్తది. గప్పటి సంది రెండేండ్లాయె, బొమ్మైనా రాతైనా తలకిందులే పెడ్తున్న."

"సాలు, సాలు. బొమ్మకే దొరకు అంత మండింది. ఇగ ఆయన దిగుడుబావి నీళ్లు గుడ్డకెక్కిస్తే ఊకుంటడా? ఊరు ఊరంతా ఆయన బావికి గుడ్డలు పట్టుకోని పోతాందట. ఆడోళ్లు ఆయన మొఖం ముందటనే వడపోస్తున్నరట. దొర బావి నీళ్లు ఖరాబని డప్పు కొట్టినట్టే కద!"

"నిరుడు మేం తాగే కుంట నీళ్లు చూపిచ్చిండు సారు. పురుగులు గట్లనే ఎగిరినయి. అప్పుడు ఎవ్వరికీ కోపం రాలే."

"మీ కుంట వేరు, దొర బావి వేరు."

"పురుగుకు గా ఫరక్ ఎర్కలేదు దొరా."

"ఓరి!"

"గా నీళ్లు తెచ్చింది ఎవరో నీకెర్కనా? ఈడ చదివే దొర కొడుకే. మా బావిల పురుగులుండయి, చూస్కోండ్రి అని, తనే సీసల వట్టుకొచ్చిండు. తనే మూత తీసిండు. గుడ్డ మీద చూసి, బయటికి పోయి కక్కుకున్నడు."

"చిన్నపిల్లగాడు. ఆయన ముచ్చట తియ్యకు."

"కాయిదంల రాసినవా గా ముచ్చట? నీళ్లు ఎవరు తెచ్చిన్రని?"

"నీళ్ల ముచ్చటే లేదు అండ్ల."

"పురుగుల ముచ్చట?"

"గదీ లేదు. పలక పగిలిందని, మాఫ్ చెయ్యుమని, గంతే. ఎన్నిసార్లు చెప్పాలెరా?"

"ఒట్టు వెట్టు దొరా."

"ఏందీ?"

"పురుగుల ముచ్చట లేదని ఒట్టు వెట్టు. వేలు ఇస్త."

"నీతోటి నాకు ఒట్టేందిరా? నేను మున్షీని, నువ్వు చప్రాసివి. చదివి వినిపిచ్చుడే ఎక్కువ."

"సరే. ఇంకొక్కసారి వినిపియ్యి."

"వినిపిచ్చిన కద!"

"మెల్లగ. ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి చదువు. మా సారు గుడ్డ మీద కట్టె పెట్టి చదివినట్టు."

"నాకు పని లేదనుకున్నవా? ఇగో చూడు బాలిగా, మంచిగ చెప్తున్న. వేలు ఒత్తితే నీ నౌకరి ఉంటది. ఇంక రెండు రూపాయలు జీతం పెంచుతమన్నరు. ఒత్తకుంటే రేపటి సంది గేటు లోపటికి రాకు. నీ పెండ్లాం ఏమో పేరు..."

"బిక్షమ్మ."

"బిక్షమ్మ. కాలు బాగలేదంటివి కద. దవాఖానకు పంపిస్త."

"ఎప్పుడో బాగైంది. మూడేండ్ల కింద నాట్లప్పుడు ఆమె కాలుల నారికురుపు లేసింది. పురుగును రోజింత పుల్లకు చుట్టి ఇరవై దినాలు గుంజిన. మధ్యల తెగింది. కాలు వాసి, మంచంల పడి, కడుపుల పిండం పాయె. అప్పుడు మా వాడల అందరం అమ్మవారికి కోపమొచ్చిందనుకున్నం. కోడిని కోసినం. నీళ్లను ఎవ్వరం అనుమానించలే. లాంతరు ముందట సుక్క పెట్టిన దినం నేను ఎనక నిలవడి ఏడ్చిన దొరా. చీకటి కాబట్టి ఎవ్వరూ చూడలే."

"పాపం. సరే, అయినదేదో..."

"నిరుటి సంది మా వాడల గుడ్డ లేకుంట గుక్కెడు తాగలే. ఈ ఏడు ఒక్క కాలు పుండు కాలే. అందుకే అడుగుతున్న, అండ్ల పురుగుల ముచ్చటున్నదా లేదా?"

"లేదు, లేదు, లేదు! సాలునా? సిరా డబ్బా తెరిచి అర్ధగంటాయె, ఎండిపోతాంది. ఇగో, కాయిదం నీ దిక్కు తిప్పుతున్న. గీ మూలకు ఒత్తు."

"తిప్పకు దొరా."

"ఏం?"

"కాయిదం తిప్పకు. నీ దిక్కే ఉండనియ్యి. తిప్పితే నాకు ఒక్క అక్షరం రాదు."

"తిప్పకుంటే వస్తదా? పరాచికాలాడుతున్నవారా?"

"మూడో వరుసల మా సారు పేరున్నది."

"ఏ... ఏమంటివి?"

"సిద్దిరాములు. గా పేరు నాకు మంచిగెర్క. ప్రతి గాజుపలకకు మసి పట్టిచ్చి, గీకి, కింద పేరు రాసిండు సారు. గా పక్కన 'కే హుకుం సే'. గాడ 'కీడే'. పురుగులు. 'పానీ మే'. నీళ్లల్ల. పురుగుల ముచ్చట లేదంటివి కద దొరా?"

"ఎవరు చెప్పిన్రు నీకు? ఎవడో చెప్పిండు. ఎవడు?"

"కాయిదమే చెప్తాంది. 'సిద్దిరాములు మాస్టర్ హుకుం మీద, నేనే పురుగులు తెచ్చి దొరగారి బావి నీళ్లల్ల కలిపిన.' గా తర్వాత రెండు మాటలు నాకు రాలె. అయిదో వరుస వచ్చింది. 'లాంతరు తమాషా అంతా ధోకా.' గంతేనా? గంతే అంటివి! సారును ఎళ్లగొట్టి, లాంతరును మళ్ల ఎలుకలకిచ్చి, దొర బావికి మెట్లు గట్లనే ఉంచుతరు, పుండు కాళ్లు నీళ్లల్ల దిగుతనే ఉంటయి. గా మాట నా వేలు చెప్పాలె. మాఫీ మాట ఏడున్నది దొరా? పలక పగిలిన మాట ఏడున్నది?"

"మెల్లగ మాట్లాడు! నువ్వు... నీకు చదువెవడు చెప్పిండు?"

"ఎవ్వరు చెప్పలే. సారు గుడ్డ కాడ కట్టె పెట్టి ఒక్కొక్క మాట చదివిండు, ఉర్దూల చదివి మన మాటల మళ్ల చెప్పిండు. పిల్లలు గుడ్డను చూసిన్రు. నేను పలకను చూసిన. చెవుల మాట సక్కగ పడ్డది, కండ్ల ముందట అక్షరం తలకిందులున్నది. రెండేండ్లు గట్లనే నేర్చిన. కాలేజీ అంతా కుడిదిక్కు నుంచి చదువుతది, నేను ఎడమదిక్కు నుంచి చదువుత. పుస్తకం సక్కగ పట్టిస్తే నాకు పిచ్చి గీతలే."

"దేవుడా!"

"టేబులుకు ఇటుదిక్కే ఉండుమన్నది నువ్వే. పక్కకు రానిస్తే నాకు ఏమీ తెల్వకపోతుండె. మైల అని దూరం నిలవెడ్తివి, గా దూరంల నుంచే అంతా కండ్లవడ్డది."

"బాలస్వామీ, ఇను..."

"ఇప్పుడు పేరు సక్కగొచ్చింది."

"నాదేం లేదయ్యా. దొర చెప్పిండు, నేను రాసిన. నాకూ పెండ్లాం పిల్లలున్నరు. నువ్వు కమిటీ ముందట నోరు తెరిస్తే నిన్ను బతకనిస్తరా? సోంచాయించు, ఆలోచన చెయ్యి. వేలు ఒత్తకు, సరే. ఊరు ఇడిచి పో. రాలేదని చెప్త."

"పోను. పగటికి కమిటీ ముందటికే వస్త. దొరను కాయిదం ఆయన దిక్కు పట్టుకొమ్మను, నేను ఎదురుంగ నిలవడి చదువుత. కొడుకును గూడ పిలిపియ్యుమను, సీస ఎవరిదో అడుగుదాం. గంతకు ముందుగాల కలం ఇయ్యి."

"కలమెందుకు?"

"వేలు ఒత్తను. రాస్త."

"రాసుడు గూడ వచ్చా నీకు?"

"మసి చెరిగిన పలకలను తుమ్మముల్లుతోటి దిద్దింది ఎవరనుకున్నవు?"

"వద్దు, కాయిదం ఖరాబైతది, ఆగు, ఏం రాస్తవు?"

"ఒక్కటే మాట. జూట్. అంతా అబద్ధమని. కాయిదం కదిలియ్యకు దొరా, నువ్వు తిప్పుకునే పని గూడ లేదు. నేను ఇటుదిక్కు నుంచి రాస్తే, నీకు సక్కగనే కనవడ్తది."