వంకర ఫోటోలు

నాచారంలో మందుల కంపెనీ షిఫ్టు దిగి, ఆమె నేరుగా ఉప్పల్‌లో కొడుకు చదివే నర్సరీకి వచ్చింది. గేటు దగ్గర టీచరు కనబడగానే ఫోను తీసి ముందు పెట్టింది.

“మేడం, వారం నుంచి సూస్తున్న. మీరు వాట్సాప్ గ్రూపుల పెట్టిన ఒక్క ఫోటోల గూడ మా నిహాల్ లేడు.”

“రోజూ వస్తున్నాడమ్మా. హాజరు చూపించనా?”

“వస్తున్నడని నాకు ఎరుకే, దింపేది నేనే గద. లోపట ఏం జేస్తున్నడని అడుగుతున్న. కంపెనీల ఫోను లాకర్ల పెట్టాలె. టీ టైముల పది నిమిషాలు దొరికితే గీ ఫోటోలే సూసుకుంట. అందరి పిల్లలు రంగులు ఏస్తున్నరు, పూసలు గుచ్చుతున్నరు. నా కొడుకే లేడు. ఉన్న ఫోటోలన్న సక్కగున్నయా అంటే అన్నీ వంకరే. సగం గోడ, సగం పిల్లలు.”

“ఇరవై మంది పిల్లలకి నేనూ, ఒక ఆయా. ఆట మధ్యలో ఆపి ఫోటోలు తీయమంటే ఎలా వస్తాయమ్మా?”

“మావోడొక్కడే కనబడకుంటే నేనేమనుకోవాలె? మూలకు కూసోబెడుతున్నరా?”

టీచరుకూ ఓపిక అయిపోయింది.

“మూలెక్కడమ్మా. మీరు దింపి వెళ్ళింది మొదలు మధ్యాహ్నం దాకా నా చంక దిగడు. పూసలు కూడా అక్కణ్ణించే లెక్కపెడతాడు, ఇవాళ పది దాకా చెప్పాడు. దింపితే ఏడుపు. వాణ్ణి ఎత్తుకుని ఒంటిచేత్తో తీస్తే ఫోటోలు వంకరగాక ఎలా వస్తాయి?”

ఆమె ఫోనులోని ఫోటోలు మళ్ళీ ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది.

“రేపట్నుంచి ఆయాతో తీయిస్తాలెండి. తిన్నగా వస్తాయి.”

“వద్దు మేడం. వంకరగనే రానియ్యున్రి.”