మా బావ కొట్టిన మందు

ఏంది తనూజా, మామిడి చెట్టుకు ముక్కు ఆనిచ్చి సూస్తున్నవ్? బూతద్దమా? ఏదీ, జర గిటియ్యి. ఓహో, గీ పురుగులా. గొర్లమంద లెక్క అన్నీ ఒక్కతాన్నే మేస్తున్నయి. ఏం తింటయి? బెరడు మీది బూజా? గంతేనా, చెట్టునేం జెయ్యవా? మరి పేరేంది? రెక్కల మీది గీతలు సూస్తెగాని తెల్వదా. నీ పురుగుల సదువుకు మంచి ఓపిక గావాలె బిడ్డా. మా బావ సోమనర్సయ్య అయితే బండి దిగకుంటనే చెప్పెటోడు.

నువ్వు పుట్టకముందే పోయిండులే. బచ్చన్నపేట మొత్తం మీద పత్తి సంగతి తనకే తెల్సని ఆయన నమ్మకం. ఊర్లె అందరు పురుగువట్టిన ఆకు అగ్గిపెట్టెల పెట్టుకొని మందుల దుకాణం పోయి సూపిచ్చేది. మా బావకు గది నామోషి. "వాడు నాకు చెప్పుడేంది" అనేటోడు. ఆయన సదువంత గింతే: చిన్నగుంటే పేనుబంక, పెద్దగుంటే పచ్చపురుగు. పప్పుల ఆవగింజ కనవడ్డా పేనుబంకనే అంటడని మేం నవ్వుకునేది.

ఒకపాలి వానలు పడ్డంక గీ చెట్టుకే గిట్ల పట్టినయి. మా అక్క శకుంతల, "ఏటా వస్తయి, అవే పోతయి, ఇడిసిపెట్టుండ్రి" అన్నది. "ఎహె, నువ్వేమన్న అగ్రికల్చర్ ఆఫీసరువా? పేనుబంక పట్టింది, చెట్టు ఎండుతది" అన్నడు. పత్తికి కొట్టంగ మిగిలిన పురుగుమందు పంపుల పోసిండు. పత్తి అంటే నడుముదాక ఉంటది, మందు కిందికి పడ్తది. చెట్టు నెత్తిమీదుంటది గద. అంగి ఇప్పి, మొకం పైకెత్తి కొమ్మకొమ్మకు కొట్టిండు. కొట్టిందంత తిరిగి ఆయన మీదనే పడ్డది. మూతికి తువ్వాల కట్టుకో బావా అంటే, "పత్తిల లేని భయం చెట్టుకాడేంది" అన్నడు.

పడిపోతే జనగామ దవాఖానకు ఎత్తుకపోయినం. డాక్టరు, ఏ పురుగుకు కొట్టినవని అడిగిండు. నురుగు కక్కుకుంట సుత పేనుబంకనే అన్నడు మొండోడు. తెల్లారేవరకు లేడు. పురుగులు మాత్రం మల్ల వానకు వచ్చినయి.

తల్సుకుంటే నవ్వొస్తది, కడుపుల మండుతది. గప్పటిసంది మా అక్క మాట మార్చింది. ఎవ్వరడిగినా, "మా ఇంటాయన చెట్టును బతికిచ్చి పోయిండు" అంటది. ఎండకాలం మొదటి పండు ఆయన ఫోటో ముందల పెట్టనిదే ఎవ్వర్ని ముట్టనియ్యదు. నువ్వు గా పురుగుకు ఏ పేరన్న పెట్టుకో, ఏ పుస్తకంలనన్న ఎక్కించుకో. అది చెట్టునేం జెయ్యదని మాత్రం ఆమెకు చెప్పకు బిడ్డా. గిన్నేండ్లు గా మాట పట్టుకొనే బతికింది... అద్దం లోపల పెట్టు, అక్క వస్తుంది.

ఏం లేదక్కా, పిల్ల ఊకెనే చెట్టు సూస్తుంది.