చిన్నమెదడుకేం కాలేదు

తలకు దెబ్బ తగిలి ఆసుపత్రి నుంచి వచ్చిన దర్జీ ముందుగదిలో మిషను కుడుతున్నాడు. అతని భార్యా, అప్పుడే వచ్చిన కూతురూ వంటగదిలో మాట్లాడుకుంటున్నారు.

"నాన్న చెయ్యి ఏమాత్రం తడబడట్లేదే అమ్మా!"

"చేతిపనిని సరిచూసేది చిన్నమెదడట. దానికేం కాలేదు. ఊపిరి నడిపించే అడుగుభాగం కూడా బాగానే ఉందన్నాడు డాక్టరు."

"మరి మనుషుల్ని గుర్తుపట్టేది?"

"అది పెద్దమెదడు. దెబ్బ దానికే తగిలింది."

"నన్ను చూసి 'కూర్చోండి, కొలతలు తీసుకుంటా' అన్నారు. నాన్న నన్ను 'అండీ' అనడమేంటమ్మా?"

"నన్నూ అంతేనే. పెళ్లయిన కొత్తలో కూడా నాకంత మర్యాద దక్కలేదు."

"నాన్న కుడుతున్న ఆ చిన్న గౌను ఎవరికి?"

"నీకే. ఎదిగే పిల్లవని అంచు లోపల మడత కూడా వదిలారు."

"వెళ్లి పక్కన కూర్చోనా?"

"కూర్చో. గుమ్మానికి మాత్రం అడ్డం రాకు. పాప బడి నుంచి వస్తుందని అటే చూస్తుంటారు."