ముందు దిగే బరువు

అమెరికాలోని పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్. తేజేశ్వర్ కారుకి తగిలించిన అద్దె ట్రైలర్ చుట్టూ రెండోసారి తిరిగాడు వీరభద్రం. పదేళ్లుగా తన కిరాణా షాపుకి సరుకు ఇలాంటి ట్రైలర్‌లోనే లాక్కొచ్చుకున్న మనిషి. తేజేశ్వర్ భార్య బిందుమాధవి, ఖాళీ చేసిన ఫ్లాట్ తాళాలు అప్పగించి అప్పుడే మెట్లు దిగింది.

"తేజా, ఆ తలుపు తియ్యి."

"లాక్ చేసేశానంకుల్. లేటవుతోంది."

"తియ్యవయ్యా. కారు వెనకభాగం పైకి లేచింది, చూశావా? ట్రైలర్ మూతి కారు మీద కాస్త ఆనాలి. ఇదేమో కారుని తోక పట్టుకుని ఎత్తుతోంది. బరువులు ఎక్కడ పెట్టావ్?"

"వెనక."

"వెనకా! వందలో అరవై పాళ్లు ముందుండాలి. లేకపోతే కాస్త స్పీడ్ అందుకోగానే ఊగడం మొదలెడుతుంది. ఇక ఆ కారు నీ చేతిలో ఉండదు."

"స్లోగా డ్రైవ్ చేస్తాలెండి."

"పక్కనుంచి పెద్ద ట్రక్కు పోతే ఆ గాలి నీ స్లో చూస్తుందా? ముందుకి మార్చు."

"అవి ముందు దిగేవంకుల్. అందుకే వెనక."

"ముందు దిగడమేంటి? మోరిస్‌విల్‌లో కొత్తింట్లో అన్నీ ఒక్కచోటేగా దిగేది?"

"అంటే... ముందు కావాల్సినవి."

"గ్రైండరు, కుట్టుమిషను, ఇన్ని పుస్తకాల పెట్టెలు! దిగగానే దోసెలు పోస్తావా, జాకెట్లు కుడతావా?"

"అంకుల్, ప్లీజ్."

"అవి నావంకుల్."

"ఒకే ఇంట్లో నీవీ అతనివీ ఏంటి బిందూ?"

"నేను దారిలో రిచ్‌మండ్‌లో దిగిపోతున్నా. మా అక్కావాళ్లింట్లో."

"ఎన్నాళ్లకి?"

"తేజాని అడగండి."

"నన్నెందుకు? దిగేది నువ్వు."

"దింపేది నువ్వు."

"ఆగండాగండి. ఇంటి సంగతి నేనడగను, బండి సంగతే చెప్తా. అమ్మాయివి ముందుకి, నీవి వెనక్కి."

"అప్పుడు నా పరుపూ టీవీ అన్నీ రోడ్డు మీద పెడితేగానీ తన సామాను బయటికి రాదు. వాళ్ల బావ గుమ్మంలో నిలబడి చూస్తుంటాడు."

"చూస్తే చూడనీ. చూసి చూసి వాడే వచ్చి ఓ చెయ్యేస్తాడు."

"తన బరువు దిగిపోయాక?"

"మిగిలినవి మళ్లీ ముందుకి జరుపుకోవాలి."

"ఒక్కడినేనా?"

"మరింకెవరున్నారయ్యా? సర్లే, తెలీక చేశావు. పద, ఆ గ్రైండర్ ఓ పట్టు పట్టు."

"తెలీకేం కాదంకుల్. ట్రైలర్ అద్దెకిచ్చే చోట పనిచేసే అమ్మాయి చిన్న బొమ్మ బండి మీద చేసి మరీ చూపించింది."

"బిందూ, ఇప్పుడెందుకది?"

"వెనక బరువు పెట్టి లాగితే బొమ్మ కారు తిరగబడిపోయింది. తను చూశాడు. చూసి కూడా ఇలాగే సర్దాడు."

"మరి నువ్వూ చూశావు కదమ్మా! ఒక్క మాట అనలేకపోయావా?"

"అనలేదంకుల్. ఒక్కో పెట్టె అందించింది నేనే."