మీనా డ్రెవర్ చేలోకి కొట్టుకొచ్చిన విమానం

ఇవాళ పశువుల ప్రదర్శనలో ఊరేగించిన పచ్చ ట్రాక్టరా? చూశాన్లేరా ఎర్లెండ్, చూడకేం. దాని పక్కన నిలబడి ఎవడో మైకులో చెబుతున్నాడు, యుద్ధంలో నౌకాదళం విమానాల్ని లాగిన బండి ఇలాంటిదే, ఎంత ముద్దుగా ఉందో చూడండి అని. ముద్దుగానట, నా మొహం. యుద్ధమంతా అలాంటిదాని మీద కూర్చున్నదాన్ని, ఎంత ముద్దో నా నడుముని అడగమను. నేను తోలిన బండి మాత్రం మీనా డ్రెవర్‌ది. ఎవరా? నువ్వు పుట్టేసరికే మట్టిలో కలిసిందిలే. అసలు పేరు విలియమీనా. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఈ దీవిలో ఎవరికుంది, నోరు తెరిస్తే సగం పేరు గాలి నార్వేకి పట్టుకుపోతుంది. అందుకని మీనా అనేవాళ్ళు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. గుర్రాల్ని మేపలేక అమ్మేసి, ఊళ్ళో అందరూ నవ్వుతుంటే ట్రాక్టరు కొనుక్కుంది. కొన్నాక ఎన్నాళ్ళు దున్నిందో, యుద్ధం రానే వచ్చింది.

నేవీ వాళ్ళు వచ్చి ఆవిడ చదును పొలమంతా విమానాలు దిగడానికి తీసేసుకున్నారు. కొండవార చిన్న పొలం చెక్క ఒకటి మిగిల్చారు. అక్కడితో ఆగారా, విమానాలు లాగడానికి బండ్లు చాలటం లేదని ట్రాక్టరు కూడా పట్టుకుపోయారు. దానికి చేసిన సింగారం చూడాలి. ఇనప పళ్ళ చక్రాలు పీకి రబ్బరు టైర్లు తొడిగారు. పొగగొట్టం నిటారుగా ఉంటే విమానం రెక్కకి తగుల్తుందని విరిచి కిందికి తిప్పారు. లాగేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేవకుండా ఇంతింత ఇనప దిమ్మలు బిగించారు. ముందో కొక్కెం, వెనకో కొక్కెం, ఆపైన పచ్చరంగు. మీనా పొలం చుట్టూ ఉన్న రాతిగోడ దగ్గర నిలబడి చూసి, నా ఆవుని తోలుకుపోయి ఎద్దుని చేశారే అంది. అప్పటికి నేను కొత్త. గ్లాస్గో పిల్లని, ట్రాముల్లో తిరిగినదాన్ని, నేవీ ఆడపిల్లల దళంలో చేరితే ఓడలు చూపిస్తారనుకున్నాను. ట్రాక్టరెక్కించారు.

ఓడంటే గుర్తొచ్చింది. ఆ విమానాల స్థావరం గడ్డినేల మీద ఉందా, నేవీ వాళ్ళకి మాత్రం అది ఓడే. పేరు కూడా ఓడ పేరే, ఏదో పిట్ట పేరు. నేలని డెక్కు అనాలి. గేటు దాటి ఊళ్ళోకెళితే ఒడ్డుకి వెళ్ళామనాలి. ఆలస్యంగా వస్తే ఓడ తప్పిపోయినట్టే శిక్ష. బూట్లు బురదలో దిగబడుతుంటే ఓడెక్కామని చెప్పుకోవడం, నవ్వొచ్చి చచ్చేవాళ్ళం. కమాండర్ వెర్నీ అని గడ్డపాయన ఉండేవాడు, ఆయన ముందు మాత్రం నవ్వకూడదు. ఆయనకి నిజంగానే చుట్టూ సముద్రం కనిపించేదేమో మరి.

సరే, ఎక్కడున్నాను? ఆ, కొండవార చెక్క. ఆ ఏడు జిల్లా వ్యవసాయ కమిటీ నుంచి కబురొచ్చింది, ఓట్స్ గింజలు చల్లే అదను దాటేలోగా ఆ చెక్క దున్నాలి, లేకపోతే తీసుకుని దున్నగలిగినవాళ్ళకి ఇచ్చేస్తాం అని. యుద్ధం కదా, తిండిగింజలు కావాలి, అడిగే దిక్కు లేదు. దున్నగలిగినవాడు ఎవడు? గోడకవతల హ్యూ రెండల్. అవున్రా, మన రెండలే. మీ తాత తండ్రి, నాకు మామగారు. మొహం అలా పెట్టకు, ఉన్నమాటే చెబుతున్నాను. కమిటీలో ఆయనా ఒక మెంబరు. మీనా వెళ్ళి గుర్రాల జత ఒక్కరోజు ఇమ్మంటే, పాపం వాటికి దగ్గండీ అన్నాడట. రోజూ ఆ గుర్రాలు మా స్థావరం కంచె పక్కనించే పోయేవి, ఒక్కటి దగ్గితే ఒట్టు. ఆ చెక్క పోతే మీనాకి మిగిలేది ఇల్లొక్కటే. గోడలు తిని బతకలేదుగా.

అందుకని ఆవిడ తిన్నగా కమాండరు దగ్గరికి వెళ్ళింది, నా ట్రాక్టరు ఒక్కరోజు ఇప్పించండి అని. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఇచ్చి, అమ్మా, అది ఇప్పుడు ఓడ సామాను, ఓడ పని మీద తప్ప ఒడ్డుకి దిగడానికి వీల్లేదు అన్నాడు. ఒడ్డంటే ఎక్కడండీ అందిట ఈవిడ. మా గేటవతలంతా ఒడ్డే కదా అన్నాడు. ఓహో అని ఆ టీ పూర్తిగా తాగి, బిస్కెట్టు జేబులో వేసుకుని వచ్చేసింది. నాకు గేటు దగ్గర ఎదురుపడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు, ఏదో లెక్క కట్టుకుంటున్న మొహం.

కమిటీ వచ్చేది శనివారం. గురువారం గాలి లేచింది. మన గాలి సంగతి నీకు చెప్పాలా, కోళ్ళగూళ్ళు సముద్రంలో తేల్తాయి. విమానాల్ని తాళ్ళేసి నేలకి కట్టాం. అయినా ఒక స్వోర్డ్‌ఫిష్, ఆ రెండు వరసల రెక్కల గుడ్డ విమానం, తాళ్ళు తెంపుకుని గంతులేసుకుంటూ పోయి, గోడ మీంచి దూకి, మీనా చెక్క మధ్యలో ఇరుసుదాకా దిగబడి కూర్చుంది. తెల్లారి ట్రాక్టరు వేసుకుని వెళ్ళాం, నేనూ, కుర్రాళ్ళూ, వెనక కమాండరూ. చూద్దుము కదా, మీనా విమానం పక్కన స్టూలు వేసుకుని ఊలు అల్లుకుంటోంది. విమానం కింది రెక్క మీద ఒక రాయి పెట్టి ఉంది.

ఆ రాయేమిటో నీకు తెలుసు, కమాండరుకి తెలీదు. గాలివాన వెలిశాక ఒడ్డుకి దుంగ కొట్టుకొస్తే, పోటు తగలనంత పైకి లాగి రాయి పెడితే అది నీది, ఇంకెవడూ ముట్టుకోడు. మీ తాతల తాతల నాటి ధర్మం. ఆయన, ఏంటమ్మా ఇది అన్నాడు. ఈవిడ అల్లిక ఆపకుండానే, మీరే చెప్పండి, మీ గేటవతలంతా ఒడ్డేనన్నారు. గాలికి ఓడలోంచి ఇది ఒడ్డుకి కొట్టుకొచ్చింది. రాయి పెట్టుకున్నాను అంది. వెనకాల కుర్రాళ్ళు దగ్గు మొదలెట్టారు, హ్యూ రెండల్ గుర్రాల దగ్గు వీళ్ళకి అంటుకున్నట్టుంది. ఆయన గడ్డం నిమురుకుని, ఇది ఒడ్డు కాదనుకుంటే అన్నాడు. అయితే ఓడేనన్నమాట, ఓడ డెక్కు ఓడ వాళ్ళే బాగుచేసుకోవాలి, నా చెక్క దున్నించండి అంది.

ఆయన విమానం వంక ఓ చూపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి చాలా గంభీరంగా అడిగాడు.

"దిగబడిన విమానాన్ని పైకి తియ్యాలంటే చుట్టూ నేల వదులు చెయ్యాలా?"

"చెయ్యాలి సార్."

"ఎంత మేర?"

"గోడ నుంచి గోడ దాకా సార్."

"ఓడ పనేగా, కానివ్వండి" అని వెనక్కి తిరిగి టిఫినుకి వెళ్ళిపోయాడు. నేను ఆయన్ని రాతిమనిషి అనుకునేదాన్ని. నవ్వుకి భుజాలు కదలడం నా కళ్ళతో చూశాను.

దిమ్మలు విప్పాం, టైర్లు జారకుండా గొలుసులు చుట్టాం. అన్నీ అయ్యాక చూస్తే నాగలి లేదు. మీనా నాగలిని అంతకుముందే పాత ఇనుం కింద పట్టుకుపోయారు. అప్పుడు గోడ అవతలినించి ఒక పొడుగాటి కుర్రాడు, ఒక్క మాట మాట్లాడకుండా, నాగలి గోడ మీదికెత్తి ఇటు దించాడు. రెండల్ కొడుకు ఓలీ. మీ తాతే. నాన్న చూస్తే చంపుతాడేమో అన్నాను. చూడకపోతే చంపడుగా అన్నాడు. అప్పటిదాకా ఆ మనిషికి మాటలొస్తాయని కూడా నాకు తెలీదు. విమానాల కోసం పెట్టిన కొక్కేనికే నాగలి తగిలించాం. నేను తోలిన చాళ్ళు ఎలా వచ్చాయంటావా? పాము పాకినట్టు. రెండు చాళ్ళకే మీనా నన్ను దింపేసి తనే ఎక్కింది. సీటు మీద కూర్చుని, ఇంజను మీద చెయ్యి వేసింది. అప్పుడు ఏడ్చింది. అప్పుడే తుడుచుకుని, ఏం చూస్తున్నారు, పోయి టీ పెట్టండి అని తిట్టింది. సాయంత్రానికి గోడ నుంచి గోడ దాకా నల్లటి నేల, మధ్యలో విమానం. దున్నిన నేలలోంచి దాన్ని లాగడం ఇంకా కష్టమని ఎవరికీ తోచలేదు. తర్వాత ఓడలో ఉన్న చెక్క పలకలన్నీ తెచ్చి పరవాల్సొచ్చింది. ఆ పలకల్లో సగం ఓడకి తిరిగెళ్ళలేదనుకో, అది వేరే కథ.

శనివారం కమిటీ వచ్చింది. చైర్మనూ, హ్యూ రెండలూ, ఇంకొకాయనా. విమానం ఇంకా అక్కడే ఉంది. రెండల్ నేలంతా చూసి, అదిగో, విమానం కింద గడ్డి అలాగే ఉంది, పూర్తిగా దున్నలేదు, రాసుకోండి అన్నాడు. మీనా, విమానమూ ఓడలో భాగమేనటయ్యా, ఓడ కింద సముద్రముంటుంది, సముద్రం దున్నమని ఎవరు చెప్పారు అంది. చైర్మను నవ్వాపుకోలేక టోపీ అడ్డం పెట్టుకున్నాడు. పొలం నీదేనమ్మా, విత్తనాలు చల్లుకో అనేశాడు.

అక్కడితో అయిపోవలసింది. వెళ్ళబోతూ రెండల్ చాలు చివర ఉన్న నాగలిని చూశాడు. పిడి మీద ఆయన చెక్కుకున్న గుర్తు ఉండనే ఉంది. ఈ నాగలి ఎవరిది అన్నాడు. మీ తాత గోడ దగ్గర నిలబడి ఉన్నాడు, తప్పుకోవచ్చు, తప్పుకోలేదు. మనదే నాన్నా, నేనే ఇచ్చాను అన్నాడు. ముసలాయన అరిచాడా, చెయ్యెత్తాడా, ఏం లేదు. నాగలి ఇంటికి పంపించు, నువ్వు మాత్రం రాకు అన్నాడు. అంతే. ఆ రాత్రి మీ తాత మీనా కొట్టంలో పడుకున్నాడు. ఆవిడకి తోడుగా పొలం పన్లు చూస్తూ ఉండిపోయాడు. నేనూ ఉండిపోయాను, అదెలాగో నీకెందుకు.

చూడు మరి, కొడుక్కి పొలం కూడబెట్టాలనే కదా ఆ ముసలాయన అంత చేసింది. చేరిందిగా. మీనా పోతూ పోతూ ఆ చెక్క మీ తాత పేర పెట్టింది. ఏటా ఓట్స్ పండినప్పుడు ఆ ముసలాయన వచ్చి గోడకి అటువైపు నిలబడి చూసేవాడు. ఇటు రాలేదు. మీ తాత కూడా రమ్మనలేదు, ఇద్దరివీ ఒకే రకం మొండి పుర్రెలు. నేనే ఒకసారి బార్లీ రొట్టె పట్టుకెళ్ళి గోడ మీద పెట్టాను. తీసుకున్నాడు. తింటూ, గింజ బాగా పట్టింది అన్నాడు. ఓలీకి చెప్పనా అన్నాను. వద్దు అన్నాడు.

చెప్పలేదు.

నీ టీ చల్లారిపోయినట్టుంది, ఇలా తే, వేడిచేసిస్తాను.