గుండీలే మిగిలాయి

గడియారాలు బాగుచేసే బావమరిది కొట్టు తలుపు ఓ రెక్క తీశాడో లేదో, బట్టలు కుట్టే బావ వారపత్రికను చుట్ట చుట్టి పట్టుకుని ఊడిపడ్డాడు. కొట్టు వెనక గదిలోనే బావమరిది కాపురం. ఆ గది తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది.

"తీసెయ్యమంటున్నా!"

"అచ్చయిపోయింది కదా బావా. ఇప్పుడు తీసెయ్యడానికి కథేమన్నా నువ్వేసే టాకానా?"

"అయితే వచ్చే వారం ఇంకోటి రాయి. ఆ దర్జీ బుద్ధిమంతుడని రాయి. ఎవరో గిట్టనివాళ్ళు పుట్టించారని రాయి."

"ముందు కూర్చో. అదేంటి, కళ్ళజోడు ఎప్పుడు పెట్టావ్?"

"నా కళ్ళజోడు సంగతి తర్వాత. నీ చేతికి కొత్త గడియారమేంటి?"

"ఏదో... ఉందిలే. కథలో నీకేం తప్పు కనిపించిందో చెప్పు."

"మెల్లగా మాట్లాడు. మీ అక్క లోపలే ఉందా?"

"ఉంది. తెల్లారీ తెల్లారగానే చేతిసంచీ పట్టుకుని వచ్చింది. కాఫీ ఇస్తే తాగి, గ్లాసు గుమ్మం బయట పెట్టి మళ్ళీ గడియేసుకుంది."

"ఏమన్నా అందా? నా గురించి?"

"ఒక్కటే మాట. 'నీకెవడు చెప్పాడ్రా?' అంది. అంతే."

"చూశావా! రాత్రి నీ కథ చదివింది. చదివి దీపం ఆర్పేసింది. ఏమైందే అంటే పలకదు. పొద్దున లేచి చూద్దును కదా, మనిషి లేదు. కాపురం కూల్చావు కదరా, కలం పట్టుకుని!"

"నేనేం చేశాను బావా? ఎవడో దర్జీ, ఊళ్ళోవాళ్ళు కుట్టమని ఇచ్చిన కోటు తను తొడుక్కుని విందుకెళ్ళాడు. అక్కడ కోటు ఆసామీయే ఎదురుపడ్డాడు. ఇంతేగా కథ?"

"ఊళ్ళో దర్జీలు ఎంతమంది ఉన్నార్రా? నేనూ, ఆ మూలనున్న ముసలాయనా. ఆయన విందుకెళ్ళి ఎన్నాళ్ళయింది? పళ్ళే లేవు."

"నీకు చెప్పలేదు కదూ, నిన్న కథ చదివి ఇస్త్రీ అతను వచ్చాడు. 'ఒక్క చొక్కాయే బాబూ, అదీ మా తోడల్లుడి ముందు పరువు కోసం' అని చేతులు పట్టుకున్నాడు. నేనడక్కుండానే! గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే విన్నాను గానీ, క్యూ కట్టి మరీ తడుముకోవడం ఇప్పుడే చూస్తున్నా."

"ఇస్త్రీ అతని మాట నాకెందుకు? నువ్వు మంచి దర్జీ కథ రాస్తావా, రాయవా?"

"సరే, విను. అనగనగా ఒక దర్జీ. ఒకాయన కోటు కుట్టమన్నాడు. కుట్టాడు. చెప్పిన రోజుకి ఇచ్చాడు."

"ఊఁ."

"అయిపోయింది."

"అయిపోవడమేంటి? అప్పుడే?"

"చెప్పిన రోజుకి ఇచ్చేశాక ఇంకేం జరుగుతుంది బావా?"

"మధ్యలో ఏదో ఒకటి పెట్టు. కోటు పోయిందని పెట్టు."

"పోవాలంటే ఎవడో ఒకడు ఎత్తుకుపోవాలి. మంచివాళ్ళే ఉండాలన్నావుగా."

"...కష్టంగానే ఉందే."

"మంచివాళ్ళ కథలు బళ్ళో చెప్పేవారు. అందుకేగా నేను బడి మానేసింది. వాళ్ళకి దూరం నుంచి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోవడమే. తప్పటడుగు వేసిన వాడొకడు కథలో కనబడ్డాడనుకో, అప్పుడు కదా కుర్చీ దగ్గరికి లాక్కుంటాం!"

"కబుర్లు బాగానే చెబుతావ్. పోనీ రాసిందన్నా సరిగ్గా రాశావా? ఆసామీ ఎదురుపడగానే దర్జీకి చెమటలు పోశాయంటావ్. తప్పు!"

"తప్పా?"

"చెమట పడితే కోటు మరకవుతుందిగా? ఆ భయానికి చెమట కూడా లోపలికి పోతుంది. చెయ్యి మాత్రం తనంతట తనే కాలరు మీదకెళుతుంది. సుద్ద గీత ఇంకా దులపలేదు కదా."

"బావా."

"రెండో చెయ్యి గుండీల మీదకి—"

"బావా, సుద్ద గీత నేను రాయలేదు."

"రాశావ్."

"రాయలేదు. చూసుకో, పత్రిక నీ చేతిలోనే ఉంది."

"...ఎక్కడో విన్నాన్లే."

"అంటే నువ్వు నిజంగానే వేసుకెళ్ళావా? ఊళ్ళోవాళ్ళ కోటు? నాకు తెలీదే!"

"తెలీదా? మరి ఎవణ్ణి చూసి రాశావురా?"

"ఇదిగో, ఈ గడియారం చూసి. ఇది ఆ మందుల షాపు ఆయనది. బాగై నెలయింది. 'ఇంకా టైము తప్పుతోందండీ, నాలుగు రోజులు చూడాలి' అని చెప్పి నేనే కట్టుకు తిరుగుతున్నా. గడియారమని రాస్తే దొరికిపోతానని కోటని రాశా."

"ఓరి దొంగ వెధవా! నా వృత్తిని తాకట్టు పెట్టి నువ్వు తప్పించుకున్నావా?"

"నువ్వూ ఊరుకుని ఉంటే తప్పించుకునేవాడివే. కానీ చెప్పు, చెప్పు. ఆసామీ ఏమన్నాడు?"

"ఏమంటాడు... 'కోటు భలే కుదిరిందయ్యా, అచ్చం నేనిచ్చిన గుడ్డలాగే ఉందే! నాది ఎంతవరకూ వచ్చింది?' అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"గుండీలే మిగిలాయన్నా."

"గుండీలు పెట్టుకునే ఉన్నావుగా!"

"అందుకేగా రెండో చెయ్యి! ఒక చెయ్యి మెడ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఆ విందంతా తిరిగాను. నొప్పి అనుకుని ఎవరో పుణ్యాత్ములు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు. ముద్ద ముట్టనివ్వలేదు."

"నవ్వుతున్నానని ఏమనుకోకు బావా. ఎందుకేసుకున్నావ్?"

"ఎందుకంటే... చిన్నప్పట్నుంచీ కుడుతున్నా. నా చేతి కుట్టు ఒంటి మీద ఎలా ఉంటుందో నాకు తెలీదురా. వేసుకున్నవాడు గుమ్మం దిగి వెళ్ళిపోతాడు. నాకు కనిపించేది వాడి వీపే. ఒక్కసారి అద్దంలో ముందు వైపు చూద్దామనుకున్నా. చూశాక విప్పబుద్ధి కాలేదు."

"ఇది రాయాల్సింది. చెమట గురించి రాశాను చూడు, బుద్ధి తక్కువ."

"రాసుకో, ఇంకెందుకు దాపరికం. మిషను ఎలాగూ అమ్మేస్తున్నా."

"ఏంటీ?"

"కళ్ళజోడెందుకన్నావుగా. నా చెయ్యి పోయిందిరా. ఏడాదిగా కుట్టినవి కుట్టినట్టే వెనక్కొస్తున్నాయి. కొత్త జాకెట్లు! ఒంటికి తగిలించగానే చంక కింద కుట్టు పిగిలిపోతోందట. ఆ ముత్యాల గుండీల ఆవిడైతే జాకెట్టు నా మొహాన కొట్టినంత పని చేసింది. చూపు మందగించిందేమోనని ఇది కొన్నా. పెట్టుకుని కుట్టినా అదే వరస."

"మగవాళ్ళవి?"

"అదే విచిత్రం. మగవాళ్ళవి ఒక్కటీ తిరిగి రాలేదు. ఏమోరా, చెయ్యి పోయింది, పెళ్ళామూ పోయింది. అది రాని కొంపలో ఖాళీ మిషను తొక్కుతూ కూర్చోనా?"

"అక్కనే అడుగుదాం. అక్కా! ఓ అక్కా! తలుపు తియ్యి, బావ ఏడుస్తున్నాడు."

"ఎవడ్రా ఏడ్చేది? పిలవకు. గడియ చప్పుడైంది... ఒరే, తీస్తోంది! నా కాలరు సరిగ్గా ఉందా?"

"ఏవండీ."

"ఏమే... అది కాదే, ఒక్కసారే. ఆ ఒక్క కోటే. నీ తలకొట్టేసినట్టయిందని తెలుసు. ఇంకెప్పుడూ—"

"తలుపు వెనకే ఉండి అంతా విన్నాను. మీరు కూడా వేసుకెళ్ళారా?"

"వెళ్ళానే. తప్పే. నీ కాళ్ళు—"

"ఆగు బావా. అక్కా, 'మీరు కూడా' అన్నావేంటి? 'కూడా' ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నువ్వు నోర్మూసుకోరా. అసలు నిన్ననాలి. నా సంగతి ఎవడో నీకు మోశాడనీ, అక్క అని రాస్తే బాగుండదని దర్జీని పెట్టావనీ రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే నీ గొంతు పట్టుకుందామని వచ్చి, నీ మొహం చూడలేక తలుపేసుకున్నా."

"నీ సంగతా? నీకేం సంగతే?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే సంచీ ఎందుకు సర్దావు?"

"ఆ ముత్యాల గుండీల జాకెట్టు..."

"ఆఁ?"

"ఆవిడ పుల్లలా ఉంటుంది కదండీ. నేను కాస్త..."

"కాస్త?"

"పిన్ని వాళ్ళింటి విందుకి వేసుకెళ్ళా. పైన శాలువా కప్పుకున్నా లెండి."

"అది... చంక కింద పిగిలిందే!"

"చెయ్యెత్తకూడదనే అనుకున్నా. గుమ్మంలో పిన్ని కనిపించి చెయ్యి ఊపింది. నేనూ ఊపా."

"ఆ నీలం రంగుది?"

"అదీ..."

"పొడుగు చేతులది?"

"అది వేసుకున్నప్పుడు తుమ్మొచ్చింది. ఇంటికొచ్చి మీరు చూడకుండా దారం పెట్టి పైపైన కుట్టేశా. మీరిన్నేళ్ళలో నా కొలతలు ఎప్పుడు తీశారండీ? అడిగినప్పుడల్లా, నీదే కుడుతున్నా, గుండీలే మిగిలాయంటారు. ఇంటిల్లిపాదినీ వదిలేసి ఊరందరికీ కుడుతుంటే నేనేం చెయ్యను? అద్దంలో ఒక్కసారి చూసుకుందామనుకున్నా. చూశాక..."

"విప్పబుద్ధి కాలేదు."

"ఊఁ."

"బావా, కోప్పడకు. ఇప్పుడే నువ్వూ—"

"కోపమేంట్రా? కోపం దేనికి? నా చెయ్యి పోలేదు! విన్నావా, నా చెయ్యి పోలేదు! ఏమే, ఇంకా ఎన్ని చింపావు? అన్నీ నువ్వేనా? ఒక్కటీ నా పాపం కాదుగా? నిజం చెప్పు!"

"అన్నీ నేనేనండీ."

"నా తల్లే! ఇదిగో బావమరిదీ, ఈ కళ్ళజోడు నువ్వుంచుకో. పదవే ఇంటికి, టేపు మెడలోనే ఉంది. ముందు నీకో జాకెట్టు కుడతా. నువ్వు చెయ్యెత్తినా, తుమ్మినా ఒక్క పోగు కదిలితే నన్ను అడుగు."

"నిజంగా కుడతారా? ఎప్పటికిస్తారు?"

"ఎప్పటికేంటే, అయిపోయినట్టే. గుండీలే మిగిలాయి."